వేలు పెట్టి చూపెట్టు

పదో తరగతి తెలుగులో అలంకారాలకు వచ్చే మార్కులు కొన్నే. అయినా తొంభైల చివర మా బడిలో చదివినవాళ్లం ఎక్కడ కలిసినా, మాటలు తిరిగి తిరిగి తెలుగు సార్ స్పెషల్ క్లాసుల దగ్గరికే వస్తాయి. సంక్రాంతి సెలవులు అవగానే మొదలయ్యేవి. సాయంత్రం బడి విడిచాక గంటసేపు, చదివిన పాఠాలే మళ్లీ.

అప్పటికే మాకు అలంకారాలు నోటికొచ్చు. హైదరాబాద్ కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత గైడులో లక్షణం, ఉదాహరణ, ఆ రెండూ ఎలా కుదిరాయో చెప్పే సమన్వయం అని మూడు ముక్కలుండేవి. ఆగకుండా అప్పజెప్పేవాళ్లం. ఆమె ముఖం చంద్రబింబం వలె అందంగా ఉంది. ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, అందం సమానధర్మం, వలె ఉపమావాచకం. సార్ ఓపిగ్గా విని, "చంద్రుణ్ని ఇయ్యాల్టికి ఇడిసిపెట్టుండ్రి. రేపు మీ ఇంట్లకెల్లి ఒక పోలిక పట్టుకరాండ్రి" అన్నారు.

మర్నాడు చాలామందిమి చంద్రుడికి బదులు తామరపువ్వు తెచ్చాం. మూడో బెంచీ అమ్మాయి ఒక్కతే లేచి, "మా నాయన చేతులు ఎండిన చెరువు లెక్క పగిలినయి సార్" అంది. వాళ్ల నాయన తాపీమేస్త్రీ. వెనకనుంచి ఎవరో నవ్వారు. గైడులో ఉన్నవి వలె, పోలె, లాగా, మాదిరి. 'లెక్క' లేదు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. సార్ మాత్రం ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు బోర్డు మీద రాసి, 'లెక్క' కింద గీత గీసి, ఉపమావాచకం అని పక్కన రాశారు. "పోలిక జెప్పేది ఏదైతే అదే వాచకం. ఇంట్ల మనం అనే మాటేనాయె. పని జేస్తలేదా?" అన్నారు. మా ఇంటి మాట తెలుగు క్లాసు బోర్డు మీదికి ఎక్కడం నేను చూడటం అదే మొదటిసారి. ఇప్పటికీ తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

ఆ గంటంతా ఆ ఒక్క వాక్యంతోనే నడిచింది. లెక్క తీసేసి "మా నాయన చేతులు ఎండిన చెరువులు" అంటే? రెండింటికీ భేదం లేదన్నాం కాబట్టి రూపకం. "ఎండిన చెరువులేమో అన్నట్టున్నయి" అంటే ఊహ, అది ఉత్ప్రేక్ష. ప్రతిసారీ ఏం మారిందో ఆ అమ్మాయినే అడిగారు. రూపకం దగ్గర ఆమె కాసేపు ఆలోచించి, "నాయన కనబడ్తలేడు సార్, చెరువే కనబడ్తంది" అంది. సార్ చాక్‌పీసు బల్లమీద పెట్టేసి, "గదే సమన్వయం" అన్నారు. గైడులో నేను బట్టీపట్టిన మూడో ముక్కకు అర్థం ఆ రోజు తెలిసింది.

పోతన పద్యం 'అడిగెదనని కడువడి జను' విషయంలోనూ అంతే. డకారం పదే పదే వచ్చింది, వృత్త్యనుప్రాస, అయిపోయింది అనుకున్నాం. సార్ ఒక్కొక్కరితో పైకి చదివించారు. భర్త చెప్పాపెట్టకుండా బయల్దేరాడు. ఎక్కడికో అడుగుదామని లక్ష్మి గబగబా నడుస్తుంది, అడిగినా చెప్పడేమోనని ఆగుతుంది. ఆమె అడుగు తడబడిన చోట మా నాలుకా తడబడింది.

పాఠాల్లో లేని గద్యమిచ్చి ప్రశ్నలడిగే అపరిచిత గద్యానికి మాత్రం సార్ గైడు ముట్టుకోనిచ్చేవారు కాదు. తానే రాసి తెచ్చేవారు. ఒకరోజు బోర్డు నిండా మూసీ వరద. 1908 సెప్టెంబరు 28న నది ఊరిమీద పడింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మందిదాకా ప్రాణాలు దక్కించుకున్నారు. మళ్లీ అలాంటి వరద రాకుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. కింద మొదటి ప్రశ్న: ఉస్మాన్‌సాగర్ ఎందుకు కట్టారు?

మంచినీళ్ల కోసం అని దాదాపు అందరం రాశాం. ఉస్మాన్‌సాగర్ అంటే మాకు గండిపేట చెరువే. ఆ నీళ్లు తాగి పెరిగినవాళ్లం, ఇంకేం రాస్తాం? సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. "ఏడుంది? వేలు పెట్టి చూపెట్టు." నా వేలు పై వరస నుంచి కింది వరస దాకా తిరిగింది. మంచినీళ్ల మాట ఎక్కడా లేదు. "నువ్వు రాసింది అబద్ధం గాదు బిడ్డా. తాగునీళ్లకు గూడ కట్టిండ్రు. గని ఈ గద్యంల ఆ ముచ్చట లేదు. నీకు తెల్సింది జర పక్కకు పెట్టి, రాసినాయన ఏమంటుండో ముందుగాల ఇను."

రెండో ప్రశ్న ఇంకా కష్టం. నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చి ఉంటాయి? గద్యంలో అంకె లేదు. ఈసారి తెలివిగా, ఇందులో చెప్పలేదు అని రాశాం. "జనం ఏడ ఉన్నరు?" అని అడిగారు. కొమ్మల మీద. నా వేలు 'చెట్టు ఎక్కి' అన్న మాట దగ్గర ఆగింది.

నేనిప్పుడు ఒక వకీలు ఆఫీసులో ఆస్తుల పాత కాగితాలు, అంటే లింకు డాక్యుమెంట్లు చదువుతాను. సర్వే నంబర్లు, నాలుగు హద్దులు, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది. తూర్పున దారి ఉందని ఇంటాయన ఖాయంగా చెబుతాడు, ఆయన రోజూ నడిచే దారే అది. కాగితంలో ఎక్కడుందో చూపెట్టమంటాను. ఆ మాట నా నోట వచ్చినప్పుడల్లా సార్ గొంతే వినిపిస్తుంది.

ఆఖరి పరీక్ష అయిన రోజు సార్ మమ్మల్ని కొంతమందిని సిటీ బస్సులో అఫ్జల్‌గంజ్ తీసుకెళ్లారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చింతచెట్టు ఉంది. మూడో బెంచీ అమ్మాయి దాని కింద నిలబడి, మూసీ ఎటువైపో అడిగి తెలుసుకుంది. అటు ఒకసారి చూసి, తలెత్తి కొమ్మల వైపు చూసి, "గంత మీదికొచ్చినయా సార్ నీళ్లు!" అంది. పరీక్షలో అందరం రాసే జవాబే అది. ఆ మాట విన్నాకే నేనూ తలెత్తి చూశాను.