ఎడమ చూపుడు వేలు: మగ్గం వర్కుకీ వీణకీ మధ్య

మగ్గం వర్కు, అంటే చట్రానికి గుడ్డ బిగించి చేసే ఎంబ్రాయిడరీ, చేసేటప్పుడు కుడి చేతిలోని ఆరి సూది గుడ్డ పైన ఆడుతుంది, ఎడమ చేయి గుడ్డ కింద ఉంటుంది. సూది కొక్కేనికి దారం అందించేది ఆ ఎడమ చేతి బొటనవేలు, చూపుడు వేలు. వీణ మెట్ల మీద తీగ నొక్కేదీ ఆ చూపుడు వేలే, పక్కన నడిమి వేలు సాయం. ఒకే మనిషి రెండు పనులూ చేస్తే తగువు మొదలయ్యేది అక్కడ. టైము చాలకపోవడం తర్వాతి సంగతి.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం వైపు తెలుగిళ్లలో బొటీక్ నడుపుతూ వీణను వదులుకోలేని ఆడవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఈ సీజన్ గడిచాక సాధన చేసుకుందాంలే అని వీణ మీద గుడ్డ కప్పేస్తే సంగీతం ఒక్కటే పోదు, కుట్టుపని కూడా దెబ్బ తింటుంది.

రోజూ వాయించే వేలికొన కాయ కాస్తుంది. ఆ కాయే వేలికి రక్ష. సాధన మానేసిన కొన్ని వారాలకు అది మెత్తబడి పొరలుగా రాలిపోతుంది. ముహూర్తాలు అయిపోయాయి కదా అని ఒక ఆదివారం రెండు గంటలు ఏకబిగిన వాయిస్తే, లేత చర్మం మీద సారణి తీగ (వీణలో మొదటి తీగ) కోసుకుపోయి బొబ్బ లేస్తుంది. బొబ్బ లేచిన వేలితో సిల్కు దారం పట్టలేరు. నాలుగైదు రోజులు మగ్గం ఆగిపోతుంది. రోజుకు 20 నిమిషాలు వాయించినా కాయ నిలబడుతుంది. ఎంత తొందర సీజన్లోనైనా ఆ 20 నిమిషాలు మాత్రం వదలొద్దు: అలంకారాలు ఒకసారి, ఒక వర్ణం రెండు కాలాల్లో. పని తక్కువున్న రోజుల్లో దాన్ని 40 నిమిషాలు చేసుకుని జంట వరుసలు, ఒక కృతి కలుపుకోండి.

కాయతో ఇంకో చిక్కుంది. వాయించిన వెంటనే వేలికొన చూడండి. తీగ గాడి సన్నగా పడి ఉంటుంది, గాడి అంచున చర్మం గరుకుగా లేచి ఉంటుంది. మగ్గానికి వాడే సిల్కు దారానికి పురి తక్కువ. పోగులు విడివిడిగా ఉంటాయి. ఆ గరుకుకి ఒక్క పోగు తగులుకుంటే చాలు, వెంట్రుకలా పైకి లేస్తుంది. గొలుసుకుట్టు వేసుకుంటూ పోతున్నప్పుడు అది కంటికి ఆనదు. రేకంతా నిండాక కిటికీ దగ్గర పట్టి చూస్తే పువ్వు మీద నూగు పట్టినట్టుంటుంది. అప్పుడిక కత్తిరించి లాభం లేదు, విప్పి మళ్లీ వేయాల్సిందే.

అందుకే సాధనకీ మగ్గానికీ మధ్య కనీసం మూడు గంటల ఎడం ఉంచాలి. తెల్లవారి 5:30కి వీణ, 9:30కి షాపు, అక్కడా మొదటి గంటన్నర కటింగు, మిషన్ పని మాత్రమే. మగ్గం 11కి మొదలుపెడితే అప్పటికి గాడి సర్దుకుంటుంది, పగటి వెలుతురు బాగా వచ్చి రంగులు కలపడానికీ వీలుగా ఉంటుంది. ట్యూబ్‌లైటు కింద ఎంచిన మెరూన్ దారం ఎండలో ఇటుక రంగు తేలడం ఈ పని చేసేవాళ్లకు కొత్త కాదు. వారానికి రెండుసార్లు, స్నానం అయ్యాక చర్మం నానినప్పుడు, ప్యూమిస్ రాయితో కాయ అంచులు మాత్రం నున్నగా చేసుకోండి. కాయను మొత్తం అరగదీయొద్దు. మగ్గం ముందు కూర్చునే ముందు వేలికొనను పనికిరాని సిల్కు పీలిక మీద రుద్ది చూడండి. జారిపోతే సరే, తగులుకుంటే గోళ్లకు వాడే సన్న ఆకురాయి రెండుసార్లు ఆడించండి.

నూనె సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. తీగ మీద వేలు జారడానికి వీణ దగ్గర కొబ్బరినూనె తడిపిన దూది పెట్టుకోవడం అలవాటు. ఆ చేత్తో పట్టు ముట్టుకుంటే మరక ఖాయం. సబ్బుతో ఒకసారి కడిగితే చాలదు. సెనగపిండి రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడిగి, తెల్ల కాటన్ ముక్క మీద వేళ్లు అదిమి చూడాలి. పొరపాటున మరక పడితే నీళ్లు తగలనివ్వకండి, రుద్దకండి. దాని మీద టాల్కం పౌడరు మందంగా చల్లి రాత్రంతా వదిలేయండి, ఉదయం మెత్తటి బ్రష్‌తో దులపండి. ఒకసారికి పోకపోతే మళ్లీ అదే చేయాలి, అప్పటికీ పోకపోతే డ్రై క్లీనింగుకి ఇవ్వాలి. మీటడానికి కుడి చేతి గోళ్లు పెంచుకునేవాళ్లు షాపు పెట్టాక వాటిని కత్తిరించేసి, వేలికొనకు తొడిగే లోహపు తీగతో మీటడం అలవాటు చేసుకుంటే మంచిది. పెరిగిన గోరు జార్జెట్‌ను లాగేస్తుంది.

రెండు పనులూ బాసింపట్టు వేసుకుని కూర్చుని చేసేవే. తెల్లవారి 20 నుంచి 40 నిమిషాలు, పగలు అయిదు గంటలు అదే కూర్చోవడమైతే మోకాళ్లు, నడుము ఎంతకాలం ఓర్చుకుంటాయి? మగ్గాన్ని 28 నుంచి 30 అంగుళాల ఎత్తు స్టాండు మీదకు ఎక్కించి కుర్చీలో కూర్చోండి. వీణకు మాత్రం నేలే కావాలి.

ఇక సాయంత్రాల సంగతి. బొటీక్ నడిపేవాళ్ల సాయంత్రాలను మింగేది కొత్త ఆర్డర్లు కాదు, ఆల్టరేషన్లు. "అక్కా, చంక దగ్గర పట్టేస్తోంది" అని ఒకరు, "నానీ (ఒడియాలో అక్కా), భుజం జారిపోతోంది" అని ఇంకొకరు. పట్టు జాకెట్టు విప్పితే పాత సూది రంధ్రాలు అలాగే కనిపిస్తాయి, కాబట్టి సైజు పెంచడం సగం వరకే కుదురుతుంది. దీనికి నాకు తెలిసిన గట్టి మందు ఒక్కటే: పట్టును కత్తిరించకముందే లైనింగును జాకెట్టుగా కుట్టి తొడిగించి చూడడం.

లైనింగు కాటన్‌ను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, కాస్త తేమ ఉండగానే ఇస్త్రీ చేయండి. మీటరుకు ఒకటి నుంచి రెండంగుళాల దాకా కుంచించుకుపోతుంది. ఈ పని చేయకపోతే మొదటి ఉతుకులో లైనింగు ముడుచుకుని పైన పట్టు ఉబ్బుతుంది, దానికి ఇక మందు లేదు. కొలతలు తీసుకునేటప్పుడు ఆవిడ ఫంక్షన్ నాడు వేసుకునే లోదుస్తులే వేసుకుని రావాలి. లేకపోతే డాట్ పాయింటు (ఛాతీ దగ్గర వేసే మడత కుట్టు మొన) అర అంగుళం అటూ ఇటూ అవుతుంది. మోచేతి దాకా వచ్చే చేతికి మోచేయి మడిచి చుట్టుకొలత తీయాలి. ఛాతీ 36 అయితే నాలుగో వంతు 9, దానికి పావు నుంచి అర అంగుళం లూజు, పక్క కుట్టుకి అంగుళంన్నర మార్జిను. మిషన్‌లో కుట్టు పొడవు 4 లేదా 5 పెట్టి కచ్చా కుట్టు వేయండి. తొడిగించి, రెండు చేతులూ పైకెత్తించి, ముందుకు చాపించి చూడండి. పిన్నులతో సరిచేసిన చోట పెన్సిలుతో గీసి, కచ్చా కుట్టు లాగేస్తే ఆ ముక్కలే పట్టుకి నమూనా. ముప్పావు గంట పని ఇది. మగ్గం గీతలు కూడా ఈ ట్రయల్ అయ్యాకే పడాలి. ముందే వర్కు చేసేసి తర్వాత మెడ అర అంగుళం జరపాల్సి వస్తే ఆ జాకెట్టు ఎవరికీ పనికిరాదు. పూసలు, చమ్కీలు కుట్టు గీతకు అర అంగుళం ముందే ఆగిపోవాలి. మిషన్ సూది పూస మీద పడితే విరుగుతుంది, ఒక్కోసారి ముక్క పట్టులోనే ఉండిపోతుంది.

బరంపురం పట్టు అయితే ఇంకో మెట్టు ఉంది. గుడి గోపురాల్లా మొనదేలిన వరస, ఫోడా కుంభ అంచు, ఈ చీరకు గుర్తు. జాగ్రఫికల్ ఇండికేషన్ (ప్రాంతపు గుర్తింపు) నమోదులో కూడా ఆ పేరే ఉంది, మగవాళ్లు కట్టే పట్టు జోడుతో కలిపి. జాకెట్టు ముక్క మీద ముందుగా పరుచుకోవలసింది చేతుల నమూనా. చేతిని మధ్యకు మడిచిన గీత సరిగ్గా ఒక కుంభం మొన మీద పడాలి. రెండో చేయీ అలాగే. అప్పుడు ఎడమలో ఎన్ని కుంభాలుంటే కుడిలో అన్నే వస్తాయి, సగం కుంభం చంక కింద కుట్టులోకి పోయి కనపడదు. వెనుక భాగం, ముందు భాగం మిగిలిన గుడ్డలో సర్దుకోవాలి. ఒంటి భాగాలు ముందు కత్తిరించి చేతులకు అంచు చాలక అతుకు వేసిన జాకెట్టు చూస్తే నాకు నేత పట్టిన మనిషి గుర్తొచ్చి బాధేస్తుంది. అంచులు పీచు లేస్తాయి కనుక కత్తిరించిన వెంటనే ఓవర్‌లాక్ చేయండి. మామూలు పట్టుకి 11 నంబరు సూది, జరీ అంచు మీద 14. మొద్దుబారిన సూది జరీని లాగుతుంది. అన్నట్టు, నిజమైన మగ్గాలున్న ఈ ఊళ్లో ‘మగ్గం వర్కు’ అంటే నేత అనుకునేవాళ్లుంటారు. ఆర్డరు తీసుకునేటప్పుడే చట్రం మీద చేసే ఎంబ్రాయిడరీ అని విడమర్చి చెప్పాలి.

భువనేశ్వర్‌లో నిఫ్ట్ ఫ్యాషన్ కాలేజీ 2010లో మొదలైంది. అక్కడ చదువుకుని వచ్చిన పిల్లల పక్కన నిలబడి సొంత పేరు తెచ్చుకోవాలనుకునే మనిషి అన్ని రకాల బట్టలూ కుట్టాల్సిన పని లేదు. పట్టు జాకెట్టు ఒక్కటి నిక్కచ్చిగా కుట్టగలిగితే ఇచ్ఛాపురం నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. కావలసింది గంటల లెక్క. ఆర్డరు పుస్తకంలో ఎన్ని జాకెట్లో కాదు, ఒక్కో దానికి ఎన్ని గంటలో రాయండి. పైన చెప్పిన పద్ధతిలో మగ్గానికి 11 నుంచి 1:30, 3 నుంచి 5:30, అంటే రోజుకు 5 గంటలు, ఆరు రోజులకు 30. అందులో 24 గంటలకే ఆర్డర్లు ఒప్పుకోండి. మిగతా 6 తెగిన దారాలకీ, కరెంటు కోతకీ, ఒంట్లో బాగోని రోజుకీ.

ధర కూడా గంటల మీదే కట్టాలి. ఉదాహరణకు చేతులు, వెనుక మెడ కలిపి 18 గంటల వర్కు. గంటకు 80 చొప్పున 1,440. సామాను 350, ట్రేసింగు, కుట్టు కూలి 500. మొత్తం 2,290. బేరానికి లొంగి 1,500కి ఒప్పుకుంటే పోయిన 790 దాదాపు పది గంటల కూలి. అంటే 40 నిమిషాల సాధనలు పదిహేను. "కాస్త తగ్గించమ్మా" అన్నప్పుడు గంట ధర తగ్గించకండి, డిజైను తగ్గించండి. మెడ చుట్టూ నిండు పని బదులు ఒక వరస గొలుసుకుట్టు, రెండు పువ్వులు చాలంటే ధర దానంతటదే దిగుతుంది.

తేదీల విషయంలో ఈ సరిహద్దు ఊళ్లకే ప్రత్యేకమైన మెలిక ఒకటుంది. "కార్తీకం మొదటి వారానికి ఇచ్చేయాలి" అని తెలుగావిడ అంటే దీపావళి అమావాస్య వెళ్లాక అని అర్థం. ఒడియావిడ అంటే కుమార పూర్ణిమ (దసరా తర్వాతి పౌర్ణమి) మర్నాటి నుంచి, అంటే పదిహేను రోజుల ముందే. ఒడియా వాళ్ల నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. మార్గశిర లక్ష్మివారాలకూ ఇదే తేడా. కాబట్టి రసీదు మీద మాసం పేరు రాయకుండా ఇంగ్లీషు తేదీ రాసి, చదివి వినిపించండి. రెండు భాషల పండగలూ ఉండడం వల్ల మన ఊళ్లలో సీజన్లు కూడా రెట్టింపు. జూన్ 14, 15 ప్రాంతంలో ఒడియా ఆడపిల్లల పండగ రజొ, ఆ వెనకే మన శ్రావణం, తర్వాత దసరా, కుమార పూర్ణిమ. బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర కూడా. రజొ మూడు రోజులూ ఆడపిల్లలు పని ముట్టుకోరు, మీ దగ్గర కుట్టే పిల్లలూ రారు. జూన్ 11కల్లా డెలివరీలు ముగించేసి ఆ మూడు రోజులూ వీణకు ఇచ్చేయండి. కొత్త కృతి ఎత్తుకోవడానికి ఏడాదిలో అంత నికరమైన వ్యవధి మళ్లీ దొరకదు.

వీణను షాపు గదిలో ఉంచాలనే ఆలోచన మాత్రం వద్దు. మధ్యలో ఖాళీ దొరికితే వాయించుకోవచ్చు అనిపిస్తుంది, కానీ 24 మెట్లనూ పట్టి ఉంచేది మైనం. ఇస్త్రీ పెట్టె వేడికి, ఆవిరికి ఆ మైనం మెత్తబడి మెట్టు వెంట్రుకవాసి కదిలినా స్వరం చెడుతుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మానులో చెక్కిన ఏకాండి వీణ అయినా సరే, మెట్లు నిలిచేది ఈ మైనం మీదే. కదిలిన మెట్టును ఇంట్లో సరిచేయాలని చూడకండి, అది వీణ చేసేవాళ్ల పని. బరంపురానికి గోపాలపురం సముద్రం దగ్గర. ఉప్పుగాలికి ఉక్కు తీగలు తుప్పు పడతాయి, జరీ నల్లబడుతుంది, ఆరి సూదులూ అంతే. వాయించాక తీగలను పొడి గుడ్డతో తుడవండి. సూదులను మూత గట్టిగా ఉన్న డబ్బాలో, జరీని కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ నిలుస్తుంది.

వీణకు తొడుగు మీరే కుట్టుకోవచ్చు. నానబెట్టి ఆరేసిన లైనింగు ముక్కలు ఏ షాపులోనైనా మిగులుతాయి. వాటిని అతికి రెండు పొరలు చేసి, మధ్యలో పాత దుప్పటి పెట్టి, రెండంగుళాలకో వరస చొప్పున కుట్టండి. కొలతలు మీ వీణ మీదే తీసుకోండి. యాళి ముఖం నుంచి కుండ చివర దాకా పొడవు, కుండ చుట్టుకొలత, బిరడల దగ్గర వెడల్పు, అన్నిటికీ రెండంగుళాలు కలపాలి. కుండ దగ్గర అడుగున ఇంకో పొర వేయండి, నేలకు తగిలేది అక్కడే. జిప్పు పెట్టొద్దు, దాని పళ్లు చెక్క పాలిష్‌ను గీరుతాయి. అదే గుడ్డతో నాడాలు కుట్టి, అడుగుకొకటి చొప్పున కట్టుకునేలా పెట్టండి.