దత్త మండల కళాశాల వరండాలో

అనంతపురం ఆర్ట్స్ కాలేజీ పాత భవనం గురించి మా ఊళ్లో ఎవరిని అడిగినా ముందుగా చెప్పేది ఇద్దరు రాష్ట్రపతుల సంగతే. సర్వేపల్లి రాధాకృష్ణన్ తన ఉద్యోగ జీవితపు తొలినాళ్లలో ఇక్కడ తత్త్వశాస్త్రం బోధించారు. నీలం సంజీవరెడ్డి ఇక్కడ చదువుకుంటూ, 1931లో ఆ చదువు మానేసి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లిపోయారు. ఒకే కళాశాలకు ఇంతటి ఘనత దక్కడం అరుదే. అయినా మొన్న సాయంత్రం ఆ వరండాలో, మందపాటి ఇటుక గోడ పక్కన నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది వారిద్దరూ కారు, ఇక్కడే తెలుగు పాఠం చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు.

1916లో ఆరంభమైనప్పుడు దీని పేరు సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ, అంటే దత్త మండల కళాశాల. తన రక్షణకు ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ఆ ఇచ్చివేతే ఈ నేలకు పేరైపోయింది. దత్తత పోయిన బిడ్డకైనా కొత్త ఇంటిపేరు వస్తుంది, మనకు అదీ రాలేదు.

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దానితోపాటే కడప కోటిరెడ్డి గారి అధ్యక్షతన దత్త మండలాల సమావేశం కూడా జరిగింది. తాను పనిచేసే కళాశాల పేరులోనే ఉన్న ఆ మాటను వదిలించుకుని, విజయనగర రాయల ఏలుబడిని తలపించేలా ఈ ప్రాంతాన్ని రాయలసీమ అని పిలవాలని నారాయణరావు గారు అక్కడ ప్రతిపాదించగా సభ ఆమోదించింది. విశేషమేమంటే ఆయన సీమవారు కారు. కళింగాంధ్ర నుంచి ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చినవారు. తెలుగు ద్రావిడ భాష అన్న భాషావేత్త కాల్డ్వెల్ మాటను కాదని, అది ప్రాకృతం నుంచి పుట్టిందని ఆయన ఎంతో శ్రమించి చేసిన వాదాన్ని తరవాతి భాషావేత్తలు ఒప్పుకోలేదు గానీ, నంద్యాలలో సూచించిన పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది.

కళాశాల పేరూ తరవాత మారింది. అయితే పాత మాట పూర్తిగా పోలేదు. సినిమా వ్యాపారంలో నేటికీ రాయలసీమను సీడెడ్ అనే అంటారు. నేను గేటు దాటి బయటికి వచ్చేసరికి టీ కొట్టు దగ్గర ఇద్దరు విద్యార్థులు, ఓ కొత్త సినిమాకు సీడెడ్‌లో మొదటి రోజు ఎంత వసూలైందో గట్టిగా వాదించుకుంటున్నారు.