అనంతపురం ఎండల్లో తైలం తీయడం: నీళ్ల లెక్క

ఇంట్లో సుగంధ తైలం తీయాలనుకునేవారు సాధారణంగా పాత్ర ఎంతది ఉండాలి, మంట ఎంత పెట్టాలి అని అడుగుతారు. నేను మాత్రం ముందుగా వారి ఇంట్లో నీళ్ల పరిస్థితి ఏమిటని అడుగుతాను. ఆవిరి పుట్టించడానికి మామూలు గ్యాస్ పొయ్యి చాలు. ఆ ఆవిరిని మళ్లీ నీరుగా మార్చే చల్లదనం మాత్రం, ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే మా అనంతపురంలో, ఏప్రిల్ వచ్చేసరికి మిద్దెమీది ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంతగా కాగే ఈ ఊళ్లో, అంత సులభంగా దొరకదు.

నిమ్మగడ్డి తైలంలో ప్రధానమైన పదార్థం సిట్రాల్. అది విడిగా మరగాలంటే సుమారు 229 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అంత వేడికి గడ్డి ఏనాడో మాడిపోతుంది. అయితే నీటిలో కలవని తైలాన్ని నీటితో పాటు వేడిచేసినప్పుడు రెండింటి ఆవిరి పీడనాలు కలిసి వాతావరణ పీడనాన్ని అందుకుంటాయి కాబట్టి, 100 డిగ్రీలకు కొద్దిగా ముందే రెండూ కలిసి ఆవిరవుతాయి. అందువల్ల మంట పెంచితే తైలం ఎక్కువ వస్తుందనుకోవడం సరికాదు. పెంచిన మంట, ఆవిరిని చన్నీళ్ల మధ్యగా నడిపే గొట్టం చల్లార్చగలిగిన దానికన్నా ఎక్కువ ఆవిరిని పుట్టిస్తుంది, ఆ మిగులు ఆవిరితో పాటే తైలమూ గాలిలో కలిసిపోతుంది. తైలం తీస్తున్నప్పుడు ఇల్లంతా ఘుమఘుమలాడుతున్నదంటే సీసాలోకి రావలసినది బయటికి పోతున్నదని అర్థం.

లెక్క చూద్దాం. మరుగుతున్న లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడి పడుతుంది. ఆ ఆవిరి తిరిగి నీరు కావాలంటే అంత వేడినీ చన్నీళ్లు మోసుకుపోవాలి. లీటరు చన్నీళ్లు ఒక్కో డిగ్రీ వేడెక్కడానికి తీసుకునేది 4.2 కిలోజౌళ్లే. చలికాలంలో 25 డిగ్రీల నీళ్లు లోపలికి పోయి 55 డిగ్రీలతో బయటికి వస్తే, లీటరు తైలజలం (ఆవిరి చల్లారి దిగే, తైలం కలిసిన నీరు) దిగడానికి సుమారు 18 లీటర్ల నీళ్లు పారించాలి. ఎండాకాలంలో కుళాయిలోనే 35 డిగ్రీల నీళ్లు వస్తూ 50 డిగ్రీలకు మించి వేడెక్కనివ్వకూడదనుకుంటే, అదే లీటరుకు 36 లీటర్లు కావాలి. వీధిలోకి ట్యాంకరు వస్తే ఇంటిల్లిపాదీ బిందెలు పట్టుకొని పరుగెత్తే చోట, కుళాయి విప్పి అన్ని నీళ్లు మురుగులోకి వదలడానికి నాకు మనసొప్పదు.

అందుకే పారే నీళ్ల పద్ధతి మానేసి 200 లీటర్ల డ్రమ్ము పెట్టుకున్నాను. తెల్లవారుజామున సంపులోని చల్లని నీళ్లతో దానిని నింపి, లోపల చుట్టలుగా వంచిన గొట్టాన్ని నిలబెడతాను. లీటరు తైలజలం దిగేసరికి అన్ని నీళ్లూ కలిపి సగటున 3 డిగ్రీలే వేడెక్కుతాయి కనుక, ఒక విడతకు కావలసిన రెండు మూడు లీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా దిగుతాయి. వేడినీళ్లు పైనే తేలుతాయి కాబట్టి ఆవిరి పైనుంచి ప్రవేశించి, అడుగున చల్లగా ఉన్న నీళ్లను దాటుకొని బయటికి రావాలి. గొట్టం ఆద్యంతం కిందికి వాలుగానే ఉండాలి; మధ్యలో ఎక్కడైనా పల్లం ఉంటే అక్కడ నీరు నిలిచి ఆవిరికి దారి మూసుకుంటుంది, అది ప్రమాదం. పని ముగిశాక డ్రమ్ములోని నీళ్లు ఒక్క చుక్కా వృథా కావు. బట్టలకు, చెట్లకు సరిపోతాయి.

ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో అత్తరు తీసేవారి పద్ధతి చూసినా, చల్లార్చడమే అసలు పని అని నాకు కనిపిస్తుంది. పూలు, నీళ్లు వేసి కాచే రాగి దేగ్ ఒకవైపు, వెదురు గొట్టం అవతల ఆవిరి చల్లారి చేరే పాత్ర అయిన భప్కా మరోవైపు ఉంటాయి. ఆ భప్కాను నీళ్ల తొట్టిలో ముంచి ఉంచుతారు. థర్మామీటరు లేకుండానే అది ఎంత వేడెక్కిందో చేత్తో తాకి గ్రహించగలగడమే అక్కడి పనితనం. నేనూ గొట్టం చివర దిగుతున్న ధారను వేలితో తాకి చూస్తాను. వెచ్చగా తగిలితే మంట తగ్గించాలి.

పాత్ర విషయం క్లుప్తంగా చెబుతాను. 30 లీటర్ల స్టీలు పాత్ర, అడుగున నీళ్లు, వాటికి తగలకుండా పైన చిల్లుల పళ్లెం, ఆ పళ్లెం మీద గడ్డి. మూత చుట్టూ తడిపిన మైదాపిండి ముద్ద మెత్తితే ఆవిరి బయటికి పోదు. లోపల ఒత్తిడి పెరిగితే ముందుగా ఊడేది ఆ పిండే కనుక అదే మనకు రక్ష. రబ్బరు గొట్టం వాడకూడదు, తైలం దానిని కరిగించి దాని వాసన తెచ్చుకుంటుంది. పాత్రలో నీళ్లు ఇంకిపోతే గడ్డి మాడి ఆ కమురు తైలానికి అంటుతుంది, కాబట్టి పొయ్యి దగ్గరనుంచి కదలకూడదు. తైలానికి నిప్పు త్వరగా అంటుకుంటుంది. దానిని పట్టే సీసా మంటకు దూరంగా, గాలి ఆడే చోట ఉండాలి.

నిమ్మగడ్డిని మంచు ఆరాక, నేలకు జానెడు ఎత్తులో కోసి, ఒక రోజు నీడన వాడనిచ్చి, చిన్న ముక్కలుగా తరుగుతాను. వాడిన గడ్డి పాత్రలో ఎక్కువ పడుతుంది. తాజా గడ్డి బరువులో తైలం వెయ్యింటికి మూడు నుంచి ఐదు పాళ్లు ఉంటుంది, అంటే నాలుగు కిలోలకు 12 నుంచి 20 గ్రాములు. మొదట దిగే నీరు పాలలాగా తెల్లగా ఉంటుంది. కాసేపు నిలవనిస్తే పైన లేత పసుపు పొర తేరుతుంది. సన్నని మెడ ఉన్న సీసాలో పట్టి, ఆ పొర మెడలోకి వచ్చేదాకా దిగిన నీటినే మరికొంత పోస్తే డ్రాపరుతో తీసుకోవడం తేలిక. మిగిలిన చెమ్మ పోవడానికి రాత్రంతా ఫ్రీజరులో ఉంచితే నీరు గడ్డకడుతుంది, తైలం ద్రవంగానే ఉంటుంది, దానిని వేరే సీసాలోకి వంచుకోవచ్చు. దీనిని నేరుగా చర్మానికి రాయకూడదు. చెంచాడు కొబ్బరినూనెలో ఒకటి రెండు చుక్కలు చాలు. పిల్లలకు అందని చోట పెట్టాలి.

కడప వైపు బంధువులు కొందరు ఎర్రచందనం నుంచి కూడా తైలం తీయవచ్చా అని అడుగుతుంటారు. శ్రీగంధంలో ఉన్నటువంటి సువాసన ఎర్రచందనంలో లేదు; దాని విలువ రంగులోనూ చేవలోనూ ఉంది. పైగా అది చట్టం కాపాడుతున్న చెట్టు, దాని జోలికి పోవద్దని గట్టిగానే చెబుతాను.

మన జిల్లాకు నిజంగా తగినది చీనీ (బత్తాయి) తొక్క. జ్యూసు బండ్ల దగ్గర గంపలకొద్దీ పారబోసే ఆ తొక్కలను ఉదయం తెచ్చి, లోపలి తెల్లని గుజ్జు వీలైనంత గీకేసి, మధ్యాహ్నంలోగా పాత్రకు ఎక్కించాలి. ఆ తైలంలో అధిక భాగం లిమోనీన్ అనే పదార్థం. గాలి తగిలితే అది మారిపోయి, చర్మానికి దద్దుర్లు తెచ్చే గుణం సంతరించుకుంటుంది. అందువల్ల చీనీ తైలాన్ని ముదురు గోధుమరంగు గాజు సీసాలో మూతి వరకు నింపి, తీసిన తేదీ రాసి ఫ్రిజ్‌లో పెడతాను. సగం ఖాళీ అయిన సీసాను అలాగే వదలకుండా ఇంకా చిన్న సీసాలోకి మారుస్తాను.