మెల్ బ్లాంక్‌ది డబ్బింగ్ కాదు

కార్టూన్‌కి గొంతు ఇచ్చేవాళ్ళని మనం డబ్బింగ్ ఆర్టిస్టులనేస్తాం కదా, నేనూ చాలా ఏళ్ళు అమెరికన్ కార్టూన్లకి గొంతిచ్చిన మెల్ బ్లాంక్ గురించి అలాగే అనుకున్నాను. బొమ్మ ముందు గీసేస్తారు, తర్వాత ఈయన దాని పెదాలు చూసుకుంటూ మాట్లాడతారని. అక్కడ పద్ధతి పూర్తిగా రివర్స్. ముందు గొంతు రికార్డ్ చేస్తారు, అది వింటూ బొమ్మ గీస్తారు. అంటే క్యారెట్ నములుతూ తిరిగే కార్టూన్ కుందేలు బగ్స్ బన్నీ పొగరు ముందు ఈయన గొంతులో పుట్టి, ఆ తర్వాతే కాగితం మీదికి వచ్చిందన్నమాట. ఆ క్యారెట్ కరకర కూడా నిజం క్యారెట్‌దే, మైకు ముందు కొరికి, నమిలి, మింగే టైమ్ లేక ఉమ్మేసి తర్వాతి డైలాగ్ అందుకునేవారు.

ఆయన 1908లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు, పోర్ట్‌లాండ్‌లో పెరిగారు, రేడియోలో పని నేర్చుకున్నారు. 1937లో పోర్కీ పిగ్ అనే నత్తి పంది కార్టూన్ పాత్ర చేతికొచ్చింది. అంతకుముందు ఆ పాత్ర చేసినాయనకి నిజంగానే నత్తి, ఎక్కడ ఆగుతుందో ఆయన చేతుల్లో ఉండేది కాదు, రికార్డింగ్ గంటలు గంటలు సాగేది. బ్లాంక్ ఆ నత్తినే తాళంలా వాడుకున్నారు. ఒక మాట దగ్గర తడబడి, తడబడి, చివరికి దాన్ని వదిలేసి వేరే మాట అనేస్తారే, ఆ టైమింగ్ అసలైన కమెడియన్‌కి తప్ప రాదు.

అమెరికన్ కమెడియన్ జాక్ బెన్నీ రేడియో షోలో ఇంకోటి. పాత మాక్స్‌వెల్ కారు స్టార్ట్ అయ్యే శబ్దం రికార్డు మీద ప్లే చేయాలి, లైవ్‌లో అది పలకలేదు. ఈయన మైకు దగ్గరికి వెళ్ళి దగ్గుతూ, తుమ్ముతూ, గురకపెడుతూ నోటితోనే కారు నడిపేశారు. ఆ తర్వాత ఆ షోలో ఆ కారు పని ఆయనదే.

1961 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో పెద్ద యాక్సిడెంట్, దాదాపు రెండు వారాలు స్పృహ లేదు. పేరు పెట్టి ఎంత పిలిచినా పలకలేదు. ఒక డాక్టర్ బగ్స్ బన్నీని పలకరించినట్టు పలకరిస్తే, బగ్స్ గొంతుతోనే జవాబొచ్చింది! ఎన్నిసార్లు చదివినా నాకు ఇక్కడ గొంతు పట్టేస్తుంది.

అప్పటికి ఆయన ఫ్లింట్‌స్టోన్స్ అనే టీవీ కార్టూన్ సీరియల్‌లో బార్నీ అనే పాత్రకి గొంతు. కొన్ని ఎపిసోడ్లు వేరే ఆయన చేశారు, తర్వాత బ్లాంక్ ఒళ్ళంతా పిండికట్టుతో మంచం మీద పడుకునే ఉంటే, మైకునే ఆయన దగ్గరికి తెచ్చి రికార్డ్ చేశారు. మిగతా నటులు చుట్టూ చేరి తమ డైలాగులు చెప్పేవారు. మొన్న రాత్రి ఆ ఎపిసోడ్లు పెట్టుకుని, తెర వైపు చూడకుండా వింటూ కూర్చున్నాను. బార్నీ నవ్వుతున్నాడు, హాయిగా, పొట్ట లోపల్నుంచి. ఆ నవ్వులో ఎక్కడైనా నొప్పి వినిపిస్తుందేమోనని మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను. వినిపించలేదు.