బొంత లెక్క: 56 గళ్లలో 41 అయ్యాయి

సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టిన బొంతలో నిన్న రాత్రి 41వ గడి పూర్తయింది. మొత్తం 56 కావాలి, అడ్డంగా ఏడు, నిలువుగా ఎనిమిది. ఒక్కో గడిలో తొమ్మిది ముక్కలు, అంటే అన్నీ కలిపి 504. ముక్కను నాలుగున్నర అంగుళాల చదరంగా కత్తిరిస్తున్నాను, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది కాబట్టి పైకి నాలుగు అంగుళాలే కనిపిస్తుంది. అలా గడి సరిగ్గా అడుగు, బొంత ఏడడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు.

ఈ నెలలో ఎక్కువ టైం తిన్నది మొదట్లో కుట్టిన 11 గళ్లు. పక్కపక్కన పరిచి చూస్తే మిగతావాటికంటే చిన్నగా ఉన్నాయి, టేపు పెడితే, చుట్టూ ఇంకా కుట్టులోకి పోవాల్సిన పావు అంగుళాలతో కలిపి పన్నెండున్నర అంగుళాలు ఉండాల్సింది పన్నెండుంపావే వచ్చింది. కారణం కనిపెట్టడానికి ఒక సాయంత్రం పట్టింది. కుట్టు పావు అంగుళం కంటే ఒక్క నూలుపోగంత లోపలికి, అంటే అంగుళంలో పదహారో వంతు, ఎక్కువ పడుతోంది. ఒక్కో కుట్టుకు రెండు ముక్కల్లోనూ అంతంత పోతుంది, గడికి అడ్డంగా రెండు కుట్లు, అక్కడికి పావు అంగుళం మాయం. ఏడు గళ్ల వరుసలో అదే దాదాపు రెండు అంగుళాలవుతుంది, ఇక మూలలు ఎక్కడ కలుస్తాయి? పెద్దవాటిని కత్తిరించి సమానం చేద్దామా అనుకున్నాను కానీ అప్పుడు అంచు ముక్కలు సన్నబడతాయి. అందుకే 11 గళ్లూ బ్లేడుతో విప్పి మళ్లీ కుట్టాను. పాత సూది రంధ్రాలు పైకి కనిపించాయి, నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తే కాటన్ కాబట్టి పూడిపోయాయి. ఇప్పుడు సూది నుంచి పావు అంగుళం కొలిచి మిషన్ ప్లేటు మీద కరెంటు టేపు నాలుగైదు పొరలు అంటించాను, బట్ట అంచు దానికి ఆనుకుని నడుస్తుంది, ఆ తర్వాత ఒక్క గడీ తేడా రాలేదు.

అమ్మకు ఫోన్లో ఇదంతా చెబితే "బొంతకు అంగుళాల లెక్కలేంటే, నాయనమ్మ పాత చీరలు పరిచి అంచు నుంచి కుట్టుకుంటూ మధ్యకు వచ్చేది" అంది. నిజమే, చీరలకు చీరలే పరిచినప్పుడు కొలత అక్కర్లేదు. ముక్కల బొంత అలా కాదమ్మా అన్నాను.

బట్టల సంగతి. ముదురు ముక్కలకు లోటు లేదు, అమ్మ పోచంపల్లి చీర, నా పాత కాటన్ చుడీదార్లు, మా వీధి టైలర్ ఒక కవర్ నిండా ఇచ్చిన కట్ పీసులు ఉన్నాయి. గడికి ఐదు ముదురు, నాలుగు లేత. లేతవే తక్కువ పడ్డాయి, ఇంకా 60 కావాలి. నాన్న పాత చొక్కాల్లో వీపు భాగం మంచి చోటు, పద్దెనిమిది అంగుళాల వెడల్పు, ఇరవై ఏడు పొడవు దొరికితే 24 ముక్కలు వస్తాయి. ఆయన పంచె కూడా తీశాను, కట్టుకుని కట్టుకుని ఎంత మెత్తబడిందో, దాన్ని కత్తిరించే ముందు చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

టైలర్ ముక్కల్లో ఏది కాటనో అనుమానం వస్తే ఒక పోగు లాగి కాల్చి చూస్తున్నాను. కాగితం వాసనొచ్చి బూడిదైతే కాటన్, కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టర్, అది పక్కకే. మెరూన్ నారాయణపేట చీర మాత్రం బాధ పెట్టింది. తడి తెల్లగుడ్డ వేసి వేడి ఇస్త్రీ పెట్టెతో అద్దితే గుడ్డ గులాబీ రంగైంది. ఉప్పునీళ్లలో నానబెట్టినా ఆగలేదు, నాలుగుసార్లు ఉతికినా నీళ్లు తేటపడలేదు. పంచె పక్కన దాన్ని పెట్టే ధైర్యం లేక పక్కన పెట్టేశాను.

కుట్టేటప్పుడు జతలన్నీ దారం తెంపకుండా ఒకదాని వెనక ఒకటి మిషన్‌లోకి తోసేస్తున్నాను, పూలదండలా వస్తాయి, చివర్లో విడగొట్టుకుంటే దారమూ టైమూ మిగులుతాయి. కుట్టు మడతను ఎప్పుడూ ముదురు ముక్క వైపే ఇస్త్రీ చేయాలి. ముదురూ లేతా ఒకటి విడిచి ఒకటి వస్తాయి కాబట్టి పై వరుస మడత ఒక వైపు, కింది వరుస మడత ఇంకో వైపు తిరిగి, మూలలు ఒకదాన్లో ఒకటి ఒదిగి కూర్చుంటాయి. లేత ముక్క కింద నుంచి ముదురు మడత నీడలా కనపడటమూ ఉండదు.

అడుగు పొరకు ఒక్క చీర చాలు! ఐదున్నర మీటర్లంటే దాదాపు 216 అంగుళాలు, సగానికి కోస్తే 108 చొప్పున రెండు, పక్కపక్కన కలిపితే వెడల్పు 90 దాకా వస్తుంది. నా బొంత 84, 96 కాబట్టి చుట్టూ కొంచెం మిగులుతుంది, ఆ మిగులు ఉండాలి కూడా, కుట్టేకొద్దీ పై పొర జరుగుతుంది. మధ్యలో ఇంకో పాత చీర, దూది వద్దనుకున్నాను, హైదరాబాద్ చలికి, ఏసీ గదికి అంత బరువు అక్కర్లేదు, ఇంట్లో ఉతికి డాబా మీద ఆరేసుకోవచ్చు.

పై పొర మిషన్ మీదే, మూడు పొరలు కలిపే కుట్టు మాత్రం చేత్తోనే వేస్తాను. దబ్బనంతో ప్రయత్నిస్తే పంచె ముక్కలో పెద్ద రంధ్రం పడింది, కోఠి సుల్తాన్ బజార్‌కు వెళ్లినప్పుడు సన్నటి పొడవాటి సూదులు తెచ్చుకోవాలి. ముందుగా హాల్లో సోఫా జరిపి, చీర బోర్లా పరిచి, పొరలు వేసి, మధ్య నుంచి బయటికి పొడవాటి టాకాలు వేసుకోవాలి. ఇంకా 15 గళ్లు, వారానికి మూడు చొప్పున ఐదు వారాలు.