అట్టముక్క మీద ప్రశ్న

మా అక్క స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వెళ్ళి పన్నెండేళ్ళయింది. రమ్మని పిలిచిన ప్రతిసారీ నాకేదో ఒక ఎన్నిక అడ్డం వచ్చేది. ఖమ్మంలో నాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. కరపత్రాలు, నమూనా బ్యాలెట్లు, గోడల మీద అంటించే కాగితాలు... ఎన్నికలొస్తే మాకు రెండు పూటలా పని. ఏ ఎన్నికా లేని సందు చూసుకుని 2023 మార్చిలో బయల్దేరాను. తీరా వెళితే అక్కడ ఊరంతా ఎన్నిక కబుర్లే. స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్న నికోలా స్టర్జన్ ఆ పదవి వదులుకుంటున్నట్లు ప్రకటించారు, బ్రిటన్ నుంచి స్కాట్లాండ్ విడిపోవాలనే ఆమె పార్టీకి కొత్త నాయకుడిగా హంజా యూసఫ్ గెలిచారు. మార్చి 28 మధ్యాహ్నం ఎడింబరాలోని స్కాట్లాండ్ పార్లమెంటు ఆయన్ను ఫస్ట్ మినిస్టర్‌గా ఎన్నుకుంది. ఆ సాయంత్రమే హాంప్‌డెన్ పార్కులో స్కాట్లాండ్‌కూ స్పెయిన్‌కూ మ్యాచ్. యూరో 2024 అనే యూరప్ దేశాల ఫుట్‌బాల్ పోటీకి అర్హత కోసం ఆడేది. బావ దగ్గర రెండు టికెట్లున్నాయి. అక్క తన టికెట్టు నాకిచ్చి, "ఆ చలిలో నువ్వే కూర్చో" అంది.

రైల్లో బావ ఒక హాస్యం చెప్పాడు. లండన్‌లో అప్పటి ప్రధాని రిషి సునాక్ పూర్వీకులదీ పంజాబే, యూసఫ్ తండ్రిదీ పంజాబే. "ఒక పంజాబీ దేశం పంచమంటున్నాడు, ఇంకో పంజాబీ కుదరదంటున్నాడు. పంచుకునేది మాత్రం బ్రిటన్‌ను!" అని తనే పెద్దగా నవ్వాడు. ఆ వారం ఆ దేశంలో ప్రతి దక్షిణాసియా వాడూ ఇదే హాస్యం చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది.

సెంట్రల్ స్టేషన్ నుంచి మౌంట్ ఫ్లోరిడా స్టేషన్‌కు పది నిమిషాలు. రైలు నిండా కిల్టులే, అంటే అక్కడి మగవాళ్ళు కట్టే గళ్ళ పావడాలు. మోకాళ్ళ కింద మేజోళ్ళు, నడుముకు ముందు వేలాడే తోలు సంచి, పైన ముదురు నీలం చొక్కా. నేను స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని వణుకుతుంటే, పక్కనున్న ఆసామి మోకాళ్ళు రెండూ గాలికి వదిలేసి హాయిగా ఉన్నాడు. 1937లో ఇంగ్లండ్‌తో మ్యాచ్‌కు ఈ మైదానంలో దాదాపు లక్షా యాభై వేల మంది నిలబడి చూశారట. ఇప్పుడు అందరికీ కుర్చీలు, యాభై వేల చిల్లర. బీరు మాత్రం లోపల అమ్మరు. 1980లో కప్ ఫైనల్ ముగిశాక ఇదే మైదానంలోకి గ్లాస్గో క్లబ్బులు సెల్టిక్, రేంజర్స్ అభిమానులు దూకి కొట్టుకున్నారు. ఆ దెబ్బతో దేశంలోని ఫుట్‌బాల్ మైదానాలన్నిటిలో మద్యం పోయింది. దాని బదులు మాంసం పెట్టిన పై, కాగితం కప్పులో పొగలు కక్కే నల్లటి ద్రవం. మిరియాల చారు అనుకుని ఒక గుక్క తాగాను. బోవ్రిల్ అట, ఎద్దు మాంసం సారం. బావ నా మొహం చూసి కప్పు తీసేసుకున్నాడు.

మా పక్క సీట్లలో ఒక పెద్దాయన, ఆయన మనవరాలు. ఆయనకు డెబ్భై రెండేళ్ళు. గోవన్‌లో ఓడలు కట్టే యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు, రేంజర్స్ మనిషి. ఆ అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. బావకు వాళ్ళు పాత పరిచయమే. అక్కడ రేంజర్స్ అంటే బ్రిటన్ జెండా, సెల్టిక్ అంటే ఐర్లండ్ జెండా. 1887లో ఐర్లండ్ నుంచి వచ్చిన పేదల పిల్లలకు తిండి పెట్టడం కోసం ఒక క్రైస్తవ సోదరుడు పుట్టించిన క్లబ్బు సెల్టిక్. అందుకని రేంజర్స్ వాళ్ళందరూ బ్రిటన్ వైపు, సెల్టిక్ వాళ్ళందరూ విడిపోయే వైపు అని నాలాంటి కొత్తవాడు లెక్క కట్టేస్తాడు. ఈ తాతా మనవరాలే ఆ లెక్క తప్పని చెప్పడానికి నా పక్కన కూర్చున్నట్లున్నారు.

ఆట మొదలైన ఏడో నిమిషంలో స్పెయిన్ ఆటగాడు పోరో కాలు జారాడు. బంతి లాక్కున్న కెప్టెన్ రాబర్ట్‌సన్ దాన్ని వెనక్కి తోశాడు, మెక్‌టామినే కొట్టాడు. అది ఎవరికో తగిలి దారి మార్చుకుని వలలో పడింది. నాకు ఫుట్‌బాల్ అంతగా తెలియదు, అయినా లేచి అరిచాను. పెద్దాయన నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. తర్వాత స్పెయిన్ ఆటగాడు హోసెలు కొట్టిన బంతి అడ్డుకర్రకు తగిలినప్పుడు అదే పెద్దాయన కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నాడు.

విరామంలో కబుర్లు యూసఫ్ మీదికి మళ్ళాయి. "విడిపోదామా అని మళ్ళీ రెఫరెండం అంటాడు చూడు. 2014లో మ్యాచ్ ఆడేశాం. 55 శాతం వద్దంది, 45 శాతం కావాలంది. విజిల్ ఊదేశారు, ఇంటికెళ్ళాలి" అన్నాడు పెద్దాయన.

"లీగ్ ఏటా ఆడతారు కదా తాతా. ఒకసారి గెలిచారని కప్పు శాశ్వతంగా ఇచ్చేస్తారా?"

"అది లీగ్ అని ఎవరన్నారు? కప్ ఫైనల్. తరానికి ఒకసారే వచ్చే అవకాశమని మీవాళ్ళే అన్నారు."

"ఫైనల్ అయ్యాక మైదానమే మార్చేశారుగా!"

ఆ అమ్మాయి మైదానమన్నది యూరప్‌ను. 2014లో ఆమెకు పదహారు నిండాయి. ఆ రెఫరెండంలో పదహారేళ్ళవాళ్ళకూ ఓటిచ్చారు. బడి దుస్తుల్లోనే వెళ్ళి కావాలని వేసింది. బ్రిటన్‌లో ఉంటేనే యూరోపియన్ యూనియన్‌లో ఉంటామని అప్పుడు వద్దన్న పక్షం చెప్పింది. రెండేళ్ళు తిరక్కుండా 2016లో బ్రెగ్జిట్ వచ్చింది. స్కాట్లాండ్‌లో 62 శాతం యూనియన్‌లోనే ఉందామన్నారు, మొత్తం బ్రిటన్‌లో 52 శాతం పోదామన్నారు. పోయారు. పైగా ఆ ఓటింగులో పదహారేళ్ళవాళ్ళు లేరు, 2014లో ఓటేసిన పోలండ్, స్పెయిన్ వాళ్ళూ లేరు. ఎవర్ని అడగాలో తేల్చేవాడి చేతిలోనే సగం ఆట ఉందని ఆ అమ్మాయి గోడు.

పెద్దాయన దానికి అడ్డం చెప్పలేదు. పై కాగితం మడుస్తూ తన పాత కథ ఎత్తుకున్నాడు. 1979లో స్కాట్లాండ్‌కు సొంత శాసనసభ కావాలా అని అడిగారు. ఆయన కావాలన్నాడు. ఓట్లలో 51.6 శాతం కావాలనే వచ్చాయి. అయినా రాలేదు. మొత్తం ఓటర్ల జాబితాలో 40 శాతం మంది కావాలని చెప్పి తీరాలని లండన్ ముందే మెలిక పెట్టింది. వచ్చింది 33 శాతం లోపు. "మా నాన్న అప్పటికి రెండు నెలల ముందే పోయాడు. జాబితాలో పేరు మాత్రం ఉంది. ఇంట్లో ఉన్నవాడూ, మంచంలో ఉన్నవాడూ, మట్టిలో ఉన్నవాడూ అందరూ వద్దన్నట్లే లెక్క. నాన్న బతికుంటే కావాలనే వేసేవాడు" అన్నాడు.

మా దగ్గర చనిపోయినవాళ్ళు ఓట్లు వేయడం విన్నాను గానీ, వాళ్ళ ఓటు చట్టప్రకారం ఒక పక్షానికి రాసివ్వడం ఎన్నడూ వినలేదు. ఆ మాట బావ ఆయనకు చెబితే తల వెనక్కి వాల్చి నవ్వాడు. మరి అంత అన్యాయం చూసినవాడు 2014లో వద్దని ఎందుకు వేశాడు? "పింఛను" అన్నాడు ఒక్క ముక్కలో. ఇంతలో ఆట మొదలైంది.

రెండో గోల్ 51వ నిమిషంలో. ఎడమ అంచు వెంబడి టియర్నీ పరుగు తీశాడు, అతను లోపలికి పంపిన బంతిని అడ్డుకోబోయి స్పెయిన్ వాళ్ళు సరిగ్గా మెక్‌టామినే కాళ్ళ ముందుకే తోశారు. 2-0. ఆ తర్వాత నలభై నిమిషాలు స్కాట్లాండ్ చేసిందల్లా బంతిని తన్నేయడం, కింద పడటం, నెమ్మదిగా లేవడం. ఆట ముగిశాక స్పెయిన్ ఆటగాడు రోడ్రి అదే తిట్టాడు. చూడటానికి అందంగా లేదన్నది నిజమే. కానీ చుట్టూ యాభై వేల మంది పాడుతుంటే అందం ఎవరికి కావాలి? పాడిందేమో 1977లో ఇద్దరు స్పెయిన్ గాయనులు పాడిన డిస్కో పాట. 2020 నుంచి అది స్కాట్లాండ్ జట్టు పాటయి కూర్చుంది. స్పెయిన్‌ను ఓడించి స్పెయిన్ వాళ్ళ పాటే పాడారన్నమాట.

మ్యాచ్ తర్వాత పబ్బులో కాలు పెట్టే చోటు లేదు. మూలన నిలబడ్డాం. బావ ఆఫీసులో పనిచేసే ఒక కుర్రాడు స్కాట్లాండ్ కండువాతో వచ్చి చేరాడు. స్పెయిన్ పాస్‌పోర్టు, ఊరు గిరోనా, అంటే స్పెయిన్ నుంచి విడిపోవాలని చాలామంది కోరే కాటలోనియా. సొంత దేశం ఓడిందని దిగులుపడాల్సినవాడు అందరికీ బీరు కొనిపెట్టాడు.

"మీరు లీగా, కప్పా అని కొట్టుకుంటున్నారు. మాకు మ్యాచే పెట్టనివ్వలేదు" అన్నాడు. 2017 అక్టోబరు 1న వాళ్ళ రెఫరెండం. రాజ్యాంగ న్యాయస్థానం చెల్లదంది. పోలీసులు బడుల్లోకి చొరబడి బ్యాలెట్ పెట్టెలు లాక్కుపోయారు. ఆ రోజే బార్సిలోనా క్లబ్బుకు లాస్ పాల్మాస్ క్లబ్బుతో ఆట. తొంభై వేలకు పైగా పట్టే కాంప్ నౌలో ఒక్క ప్రేక్షకుడూ లేకుండా, గేట్లు మూసి ఆడారు. లాస్ పాల్మాస్ వాళ్ళు చొక్కాల మీద స్పెయిన్ జెండా కుట్టించుకుని వచ్చారు. బార్సిలోనా 3-0తో గెలిచింది. టీవీలో బంతి తన్నిన చప్పుడు, ఆటగాళ్ళ కేకలు తప్ప ఏమీ వినిపించలేదట. అదే మైదానంలో మామూలు రోజుల్లో పదిహేడు నిమిషాల పద్నాలుగో సెకనుకు జనం స్వాతంత్య్రం అని అరుస్తారు, 1714లో బార్సిలోనా నగరం స్పెయిన్ రాజు సేనలకు చిక్కింది గనక.

"ఎన్ని ఓట్లు పడ్డాయి?" అన్నాడు పెద్దాయన.

"జాబితాలో 43 శాతం మంది వేశారు. అందులో 90 శాతం కావాలన్నారు."

"ఒకే జట్టు మైదానంలోకి వచ్చి ఖాళీ గోల్‌లో కొట్టుకుంటే తొంభై ఏమిటి, వందా కొట్టొచ్చు."

కుర్రాడు గ్లాసు దించాడు. "రెండో జట్టును రమ్మనే పిలిచాం. రిఫరీకి లాఠీ ఇచ్చి పంపారు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దాయన లేచి వెళ్ళి అతని కోసం ఇంకో గ్లాసు పట్టుకొచ్చాడు. అతని వాదన ఒప్పుకుని తెచ్చాడని నేననుకోను.

అప్పుడు ఆ అమ్మాయి నావైపు తిరిగి, మీ దగ్గర ఇలాంటివి ఎలా అడుగుతారంది. మా దగ్గర అడగరని చెప్పాను. జునాగఢ్‌లో 1948లో, సిక్కింలో 1975లో అడిగారు. రాష్ట్రాలను విడగొట్టాలంటే మాత్రం మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు మామూలు మెజారిటీ చాలు. సంబంధిత శాసనసభ అభిప్రాయం అడుగుతారు, వినాలని లేదు. 2014లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిప్పికొట్టింది, పార్లమెంటు ఆమోదించింది. తెలంగాణ కోసం జనం అరవై ఏళ్ళు రోడ్ల మీదే ఓటు వేశారు, అది వేరే కథ. నాది ఇంకా చిన్న కథ. మా సొంతూరు కుక్కునూరు. 2014 ఏప్రిల్ 30న అమ్మ తెలంగాణ శాసనసభకు ఓటు వేసింది. నెల తిరిగేసరికి పోలవరం ముంపు మండలాలను ఆంధ్రలో కలుపుతూ ఆర్డినెన్సు వచ్చింది, జూలైలో చట్టమైంది. ఖమ్మం జిల్లా వాళ్ళం పశ్చిమగోదావరి వాళ్ళమయ్యాం. 2022 నుంచి ఏలూరు జిల్లా. అమ్మ ఇల్లు మాత్రం ఎక్కడికీ కదల్లేదు.

"మాకు జట్టు ఓడలేదు, గెలవలేదు. నిద్ర లేచేసరికి చొక్కా మార్చేశారు" అన్నాను.

అప్పుడు బావ ఇన్నాళ్ళూ నాకు చెప్పని సంగతి బయటపెట్టాడు. 2014 సెప్టెంబరు 18న స్కాట్లాండ్ రెఫరెండంలో ఆయనా అక్కా ఓటు వేశారు, భారత పాస్‌పోర్టులతోనే. కామన్‌వెల్త్ దేశాల నుంచి వచ్చి అక్కడ నివసించేవాళ్ళకు ఆ హక్కుంది. పోలింగు కార్డు పోస్టులో ఇంటికొచ్చింది, తాడు కట్టిన పెన్సిలుతో గుర్తు పెట్టారు. ఎటు వేశాడో చెప్పలేదు. ఇంటికి వెళ్ళాక అక్క చెప్పింది: తను వద్దనీ, ఆయన కావాలనీ వేసి, ఒకరి ఓటు ఒకరు చెరిపేసుకున్నారు.

ఆ ఏడే కుక్కునూరు ఆడపిల్లను అడిగి బ్రిటన్ భవిష్యత్తు తేల్చుకున్నారు. కుక్కునూరులో ఉన్న తల్లిని కుక్కునూరు గురించి అడగలేదు. నాకు కోపం వచ్చిందో నవ్వొచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"మీరు అచ్చు వేసేవారు కదా, మీ ఊరికి ప్రశ్న మీరే రాయండి" అంటూ ఆ అమ్మాయి గ్లాసు కింది అట్టముక్క, పెన్ను నా ముందుకు తోసింది. ప్రశ్న రాయడం తేలికేం కాదట. స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలని అంగీకరిస్తారా అని ఎడింబరా ప్రభుత్వం రాస్తే, అది జవాబును నోట్లో పెడుతోందని ఎన్నికల సంఘం అంగీకరిస్తారా అన్న మాట తీయించింది. నేను తెలుగులో రాశాను: కుక్కునూరు ఏ రాష్ట్రంలో ఉండాలి? కింద రెండు గళ్ళు గీశాను. అక్కడ పెన్ను ఆగింది. ముంపు ఊరికి రెండు గళ్ళు సరిపోతాయా?

మర్నాడు పొద్దున అమ్మకు ఫోను చేశాను. అక్కడ మధ్యాహ్నం, అన్నం తిని కూర్చుంది. అట్టముక్క మీది ప్రశ్న చదివి వినిపించాను.

"ఇప్పుడు అడుగుతున్నారా?"

"ఎవరూ అడగడం లేదమ్మా. నేనే."

"మొన్న జూలైలో వరదొచ్చినప్పుడు పడవలో వచ్చినవాడు కూడా అదే అడిగాడు, నీది ఏ రాష్ట్రమని. ముందు బియ్యం దించమన్నాను. అక్కను ఒకసారి పిలువు, ఆవకాయ చేరిందో లేదో కనుక్కోవాలి."

అక్క ఫోను అందుకుంది. అట్టముక్క నా కోటు జేబులోనే ఉండిపోయింది, గళ్ళు రెండూ ఖాళీగానే.