కాంపర్ వ్యాన్ తాళాలు చేతికి వచ్చేదాకా

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో కాంపర్ వ్యాన్ (పడక, పొయ్యి లోపలే ఉండే బండి) అద్దెకు తీసుకుని తిరిగి వచ్చామని తెలిసిన దగ్గర నుంచి అందరూ చలి గురించి, కొండదారుల గురించి, వంట గురించి అడుగుతున్నారు తప్ప, బాండ్ గురించి, అంటే వ్యాన్ సంస్థ ముందే పట్టుకునే హామీ సొమ్ము గురించి, ఒక్కరూ అడగడం లేదు. మమ్మల్ని ఏడిపించింది చలీ కాదు, కొండలూ కాదు, ఆ బాండే. అందుకే ఈ కోపం చల్లారకముందే జరిగినది జరిగినట్లు రాస్తున్నాను.

మేము కాకినాడలో కలిసి చదువుకున్న నలుగురం. ఒకాయన జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతారు కాబట్టి అందరికీ మాస్టారు. ఇంకొకాయన బ్యాంకులో మేనేజరు. మూడవ మిత్రుడికి మందుల దుకాణం ఉన్నది. నేను కాంట్రాక్టు పనులు చేస్తాను. వీసా పని ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయింది. మన లైసెన్సు మీద వివరాలు ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక దానితోనూ పేచీ రాలేదు. క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయంలో ఆవకాయ, కందిపొడి ప్యాకెట్లను ప్రకటన పత్రంలో రాసి అధికారి ముందు పెట్టాము. రాయకుండా దాచిన వారికి అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా వేస్తారు. మా ప్యాకెట్లను తిప్పి చూసి వెళ్ళమన్నారు.

అసలు కథ వ్యాన్ సంస్థ కౌంటరు దగ్గర మొదలైంది. అద్దె మొత్తం ముందే కట్టేశాము. అద్దెలో మామూలు బీమా కలిసే ఉంటుంది కానీ, వాహనానికి దెబ్బ తగిలితే మొదటి 5,000 డాలర్ల వరకు భారం మనదే, అంటే రెండున్నర లక్షల రూపాయల మాట. ఆ మొత్తాన్ని వాళ్ళు బాండ్‌గా మన క్రెడిట్ కార్డు మీద ముందే పట్టుకుంటారు. రోజుకు ఇంత అని అదనంగా కడితే ఈ భారం తగ్గుతుంది, బాండ్ కూడా నామమాత్రమవుతుంది. హైదరాబాదులో మాకు బుకింగ్ చేసి పెట్టిన ఏజెంటు మాత్రం "ఏదో ఒక కార్డు ఉంటే చాలు సార్, గీకేసి తాళాలు ఇచ్చేస్తారు" అని చెప్పి చేతులు దులుపుకున్నాడు. నేను టెండరు కాగితాలు చదివి బతికినవాడిని కాబట్టి అతని మాట నమ్మకుండా ఒప్పందం మొత్తం చదివాను. వ్యాన్ నడిపే వ్యక్తి పేరు మీదనే క్రెడిట్ కార్డు ఉండాలని, ఆ వ్యక్తి కార్డుతో సహా స్వయంగా రావాలని అందులో ఉన్నది. నలుగురిలో ముగ్గురం క్రెడిట్ కార్డులు తెచ్చుకున్నాము, మూడింటికీ పరిమితి కావలసిన దానికంటే ఎక్కువే ఉన్నది.

మొదట నా కార్డు పెట్టారు, యంత్రం తిరస్కరించింది. పరిమితి నాలుగు లక్షలున్నా, విదేశీ లావాదేవీలకు మా బ్యాంకు విడిగా లక్ష రూపాయల కట్టడి పెట్టి ఉంచిందని, దాన్ని పెంచుకునే మీట యాప్‌లో అయిదారు తెరల లోపల ఎక్కడో దాగి ఉందని అప్పటికి నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. తర్వాత మందుల దుకాణం మిత్రుడి కార్డు పెట్టారు. అతను పిన్ నొక్కిన మరుక్షణంలో బ్యాంకువారి మోసాల నిఘా వ్యవస్థకు అనుమానం వచ్చి కార్డునే స్తంభింపజేసింది. ఈ లావాదేవీ మీరే చేస్తున్నారా అని అడిగే సందేశం అతని భారతీయ నంబరుకు వెళ్ళింది, ఆ నంబరుకు రోమింగ్ లేదు. ఇక మేనేజరు గారు చిరునవ్వుతో తన కార్డు ముందుకు జరిపారు. కొత్తగా ఇచ్చే కార్డులన్నీ దేశంలో వాడకానికే తెరిచి ఉండాలని, విదేశీ వాడకాన్ని ఖాతాదారే తెరుచుకోవాలని 2020లో రిజర్వు బ్యాంకు నిబంధన తెచ్చింది. కౌంటరు అవతల కూర్చుని ఆ నిబంధనను రోజూ జనానికి వివరించే మనిషి కార్డు కూడా, గడువు తీరి కొత్తగా వచ్చినది కావడం వల్ల, అదే నిబంధనకు చిక్కింది. మాస్టారు డెబిట్ కార్డు తీశారు, అది చెల్లదన్నారు. ఆయన మొండిగా డాలరు నోట్లు తీసి కౌంటరు మీద లెక్కపెట్టబోతే, నగదు మేము తీసుకోము అన్నారు.

కౌంటరులో ఉన్న అమ్మాయి ఎక్కడా మర్యాద తప్పలేదు, ఆ మర్యాదే మమ్మల్ని ఎక్కువ కోసింది. ఒక్కొక్క కార్డు విఫలమైనప్పుడల్లా రోజువారీ రుసుముతో పూర్తి రక్షణ తీసుకుంటే ఈ ఇబ్బంది ఉండదని ఒకే స్వరంతో చెప్పేది. మూడవ కార్డు తర్వాత, ఖాతాలో సరిపడా డబ్బు ఉందో లేదో ఒకసారి చూసుకోగలరా అని అడిగింది. వెనుక వరుసలో ఉన్న వాళ్ళందరికీ ఆ మాట వినిపించింది. యాభై దాటిన నలుగురు మగవాళ్ళం, పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళం, తలలు దించుకుని కార్డులు ఏరుకున్నాము. తర్వాతి వారిని పిలవాలి కాబట్టి మమ్మల్ని పక్కన నిలబడమన్నారు. ఫీజు కట్టని పిల్లలను పరీక్ష హాలు బయట నిలబెట్టినట్లు గోడవారగా మా సూట్‌కేసులతో నిలబడ్డాము. మా కళ్ళ ముందే కుర్ర జంటలు వచ్చి కార్డు తాకించి తాళాలు తీసుకుని వెళ్ళిపోతూ ఉన్నారు.

యాప్‌లో ఒక మీట తిప్పితే మేనేజరు కార్డు పనిచేస్తుంది. కానీ ఆ యాప్ తెరుచుకోవాలంటే బ్యాంకులో నమోదైన సిమ్ అదే ఫోనులో ఉండి, దాని నుంచి ఒక సందేశం బయటకు వెళ్ళాలి. సిమ్ ఏమో విమానాశ్రయంలో స్థానిక సిమ్ వేయించుకున్నప్పుడు కాగితంలో చుట్టి పర్సులో పెట్టారు. దాన్ని మళ్ళీ ఎక్కిద్దామంటే ట్రే తెరిచే సూది లేదు. మా అవస్థ చూసి ఆ అమ్మాయే ఒక పేపర్ క్లిప్ విప్పి ఇచ్చింది. సిమ్ ఎక్కింది కానీ రోమింగ్ లేక సందేశం కదలలేదు. సంస్థవారి వైఫై మీద కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, వాళ్ళు మా గుర్తింపు నిర్ధారణకు ఓటీపీ పంపుతామన్నారు, అదీ ఆ నంబరుకే. అక్కడ మధ్యాహ్నం పన్నెండు అంటే మనకు తెల్లవారుజాము నాలుగున్నర. చివరికి మేనేజరు గారి శ్రీమతిని ఆ వేళలో వాట్సాప్ కాల్‌తో లేపాము. ఆవిడ "బ్యాంకులో మీరే కదండీ ఉండేది?" అని ఒక్క ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగకుండా ఆయన నంబరుకు రోమింగ్ ప్యాక్ వేశారు. సందేశం వెళ్ళింది, యాప్ తెరుచుకుంది, మీట తిరిగింది, కార్డు పనిచేసింది. వ్యాన్ నడపడానికి క్రెడిట్ కార్డులున్న ముగ్గురం పేర్లు రాయించుకున్నాం కాబట్టి పేరు దగ్గర పేచీ రాలేదు.

బయలుదేరే ముందు మీ కార్డుకు విదేశీ వాడకం తెరిచి ఉందో లేదో, దానికి విడి పరిమితి ఎంతో స్వయంగా చూసుకోండి. భారతీయ సిమ్‌ను ఫోనులోనే ఉంచి, రోమింగ్ ఇక్కడే వేయించి, అక్కడి నంబరుకు ఈ-సిమ్ (విడిగా చిప్ వేయనక్కరలేని సిమ్) వాడండి. బాండ్‌ను కేవలం పట్టి ఉంచుతారా, నిజంగానే వసూలు చేసి తర్వాత తిరిగి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా అడగండి. మా దగ్గర వసూలు చేశారు. విదేశీ మారకపు రుసుము 3.5 శాతం అనుకుంటే, రెండున్నర లక్షల మీద 8,750 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 1,575 రూపాయలు, ఇవి తిరిగి రాని డబ్బులు. ఏజెంటు మాట వినకండి, వాడి కమిషను వాడికి ముందే ముట్టి ఉంటుంది.

ఇక ప్రయాణం. అక్కడ కూడా ఎడమ పక్కనే నడపాలి కాబట్టి చేయి తిరగడానికి ఎంతో సేపు పట్టలేదు. ఒకే వరుస వంతెనలు తరచూ వస్తాయి, బోర్డులో మనం వెళ్ళే దిశను చూపే బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఆగి ఎదుటివారికి దారి ఇవ్వాలి. టేకపో, అక్కడి నుంచి పుకాకి సరస్సు ఒడ్డున ఆవొరాకి మౌంట్ కుక్, ఆ తర్వాత వనాకా, హాస్ట్ కనుమ, పడమటి తీరం, ఆర్థర్స్ పాస్ మీదుగా తిరిగి క్రైస్ట్‌చర్చ్, ఇదీ మేము వెళ్ళిన దారి. 3,724 మీటర్ల మౌంట్ కుక్ శిఖరం పాదాల దగ్గరి వైట్ హార్స్ హిల్ క్యాంపులో వ్యాన్ ఆపి, పొద్దున్నే తలుపు జరిపి కాఫీ తాగిన సంగతి మాస్టారు ఇప్పటికి ఊళ్ళో అందరికీ చెప్పి ఉంటారు కనుక నేను వదిలేస్తున్నాను. పడమటి తీరంలో మాత్రం ఆ తలుపు తెరిస్తే చాలు, శాండ్‌ఫ్లై అనే నల్లటి నుసుములు లోపలికి చొరబడి చీలమండలను కొరికి పెడతాయి.

వ్యాన్‌లో కాపురం అంటే అస్తమానం సర్దుకోవడమే. భోజనాల బల్లను దించితేనే రాత్రికి మంచమవుతుంది, మంచం ఎత్తితేనే పొద్దున టిఫిను. ఒకరు నడిస్తే ముగ్గురు కూర్చోవాలి. నడిచే బండిలో ఎవరూ పడుకోకూడదు, అందరికీ సీటు బెల్టు తప్పనిసరి. మేము ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ మోసుకెళ్ళాము, అది క్యాంపులో కరెంటు తీగ తగిలించుకున్న రాత్రులలో మాత్రమే పనిచేసింది. మిగతా రోజుల్లో గ్యాసు పొయ్యి మీద గిన్నెలో అన్నం వార్చాము. ఎండుమిరపకాయ తాలింపు వేసిన మొదటి రోజే పొగ అలారం మోగి పక్క బండ్లవాళ్ళు బయటకు వచ్చారు. ఆ తర్వాత తాలింపు పనంతా క్యాంపు వంటశాలకు మారిపోయింది.

మరుగుదొడ్డి సంగతి రాయకపోతే ఈ అనుభవం అసంపూర్ణం. క్యాంపుల బయట స్థానిక సంస్థల స్థలాల్లో బండి ఆపుకుని నిద్రపోవాలంటే చాలా చోట్ల బండిలో బిగించిన మరుగుదొడ్డి ఉండాలని అక్కడి చట్టం 2023లో గట్టిపడింది. దాని కింద ఒక డబ్బా ఉంటుంది. బండి బయటి చిన్న తలుపు తీసి ఆ డబ్బాను లాగి, డంప్ స్టేషన్‌లో మనమే పారబోసి కడగాలి. మొదటిసారి ఆ తలుపు ముందు నలుగురం నిలబడి మాటలు మానేశాము. మేనేజరు గారు ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని దూరం జరిగారు. మాస్టారు ఎవరినీ అడగకుండా చేతి తొడుగులు వేసుకుని పని ముగించారు. ఇంటి దగ్గర ఈ పనికి ఎవరిని పిలుస్తామో, వాళ్ళను మన గ్లాసులో మంచినీళ్ళు తాగనిస్తామో లేదో మాకందరికీ తెలుసు. శుభ్రత మీద ఉపన్యాసాలు ఇచ్చేవారందరి చేత ఏడాదికొకసారి ఆ డబ్బా మోయించాలన్నది నా అభిప్రాయం. మర్నాటి నుంచి వంతులు వేసుకున్నాము, మేనేజరు వంతు వచ్చిన రోజున ఆయనే కడిగారు, మేము ముగ్గురం అక్కడే ఉండి చూశాము.

వ్యాన్ అప్పగించే రోజున నిచ్చెన వేసి పైకప్పు కూడా పరీక్షించారు. పైకప్పుకు, అడుగు భాగానికి తగిలిన దెబ్బలు చాలా ఒప్పందాలలో బీమాలోకి రావు కాబట్టి చెట్ల కొమ్మల కింద నేను ప్రతిసారీ దిగి చూసిన శ్రమ వృథా పోలేదు. డీజిలు బండ్లకు అక్కడ తిరిగిన కిలోమీటర్లను బట్టి రోడ్డు పన్ను ఉంటుంది, దాని తాలూకు బిల్లు చివరన చేతికిచ్చారు. ఏజెంటు దీని ఊసే ఎత్తలేదు, ఒప్పందం చదివినందువల్ల నేను మాత్రం డబ్బు విడిగా తీసి ఉంచాను. బాండ్ నిన్న తిరిగి వచ్చింది. ఈ మధ్యలో మారకపు రేటు జారడంతో రుసుములు కాక మరికొన్ని వేలు తగ్గాయి. ఆ తేడాను నలుగురం పంచుకున్నాము, మేనేజరు గారు తమ బ్యాంకుకే ఫిర్యాదు రాశారు, జవాబు ఇంకా రాలేదు.